కడిగిన కుర్చీలు

మా ఆయనను చివరిసారి కూర్చోబెట్టిన కుర్చీ ఏదో మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. వినేవాళ్లకు ఇదేం పెద్ద సంగతి అనిపిస్తుంది. మా అత్త బతకడం, బతకకపోవడం దాని మీదకు వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

మా వాళ్లలో చనిపోయినవాళ్లను పడుకోబెట్టరు. స్నానం చేయించి, నుదుటి నిండా విభూతి పెట్టి కుర్చీలో కూర్చోబెడతారు. వచ్చినవాళ్లు అలా కూర్చున్న మనిషికే దండం పెట్టుకుని వెళతారు. సమాధిలో కూడా కూర్చోబెట్టే మట్టి కప్పుతారు. ఆ కుర్చీని మళ్లీ ఇంట్లో వాడరు. శవం వెంట తీసుకెళ్లి రుద్రభూమిలో సమాధుల పక్కన వదిలేసి వస్తారు. అందుకే మా ఇళ్లల్లో ఎవరైనా పోతే ముందుగా వెతికేది పాత ప్లాస్టిక్ కుర్చీ ఎక్కడుందా అని.

మా ఆయన లావు మనిషి. బోధన్ నుంచి నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకెళుతుంటే దారిలోనే గుండె ఆగింది. మధ్యాహ్నానికల్లా ఇంటికి తెచ్చారు. స్నానం చేయించి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టేసరికి దాని వెనక కాళ్లు పక్కలకు విచ్చుకున్నాయి. మనిషి ఒరిగిపోతుంటే నలుగురు పట్టుకున్నారు. మా అత్త ఎదురుగానే ఉంది, చూసింది. "గట్టి కుర్చీ పట్టుకరాండ్రి" అన్నారెవరో. ఎవరో లోపలికి ఉరికి డైనింగ్ టేబుల్ దగ్గరి టేకు కుర్చీ ఒకటి తెచ్చారు. దాని వీపు పట్టీల మధ్యలోంచి తెల్లబట్ట దూర్చి, ఛాతీ చుట్టూ తిప్పి కట్టి, ఆయనను కుదురుగా కూర్చోబెట్టారు. నేను అప్పుడు ఆయన ముఖం చూస్తున్నాను. ఎవరైనా ముఖమే చూస్తారు, కుర్చీని చూస్తారా?

ఆ టేబులూ ఆరు కుర్చీలూ మా మామ తెచ్చినవి. మామ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పెద్ద ఆఫీసర్ల బంగళాలు ఖాళీ అయినప్పుడు సామాను అమ్మేస్తుంటే బండి మీద వేయించుకుని వచ్చాడట. బోధన్‌లో ఇలాంటివి చాలా ఇళ్లల్లో ఉన్నాయి, ఒకరింట్లో బంగళా అద్దం, ఇంకొకరింట్లో బంగళా బీరువా. ఫ్యాక్టరీ మూతపడింది, మామ పోయాడు, చెరుకు పండిన మడుల్లో వరి వేస్తున్నారు. కుర్చీలు మాత్రం కదలలేదు. వీపుకు మూడు నిలువు పట్టీలు, చెక్క పీట, ముదురు లక్క పాలిష్. ఆరూ ఒకే మిస్త్రీ ఒకే చేత్తో చేసినట్టు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటాయి. పెళ్లై వచ్చిన కొత్తలో ఆ పనితనం చూసి మురిసిపోయిన మనిషిని నేనే. తర్వాత ఆ మిస్త్రీని తిట్టని రోజు లేదు.

మగవాళ్లు ఆయనను పల్లకిలో మోసుకుపోయారు. ఆ హడావిడిలో కుర్చీ వెంట పోలేదు, వాకిట్లోనే ఉండిపోయింది. వెనకాల ఆడవాళ్లం ఇల్లు కడగాలి కదా. ఇరుగుపొరుగు అంతా మంచి మనసుతోనే వచ్చారు. ఒకరు చీపురు, ఒకరు బకెట్టు. శవం లేచిన ఇంట్లో కదిలే సామాను ఏదీ కడగకుండా ఉంచకూడదని డైనింగ్ గదిలోని ఐదు కుర్చీలనూ వాకిట్లోకి తెచ్చి, ఉన్నదానితో కలిపి, పసుపు నీళ్లు గుమ్మరించి రుద్ది రుద్ది కడిగారు. కడిగి సాయంత్రపు ఎండలో వరసగా నిలబెట్టారు. రుద్రభూమి నుంచి మా పెద్దాయన ఒకరు తిరిగొచ్చి, "కుర్చీ ఏది? ఆటోల ఏసి పంపిస్త" అన్నాడు. ఆరు కుర్చీలు నీళ్లోడుతూ నిలబడి ఉన్నాయి.

ఎవరిని అడిగినా నేను కాదంటే నేను కాదు. తెచ్చినవాళ్లు లేరు, కడిగినవాళ్లు లేరు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. సెల్లుల్లో ఫోటోలు తీసినవాళ్లను అడిగాం. కుర్చీ నిండా శాలువాలు, దండలు. కనబడిన కాస్త చెక్కా ఆరింటిదీ ఒకటే.

మా ఆడబిడ్డ, ఆయనకు అక్క, నిజామాబాద్‌లో ఉంటుంది. వాకిట్లో నిలబడి తీర్పు చెప్పింది: "ఏదో తెల్వకపోతే ఆరిటికి ఆరు పారెయ్యుండ్రి. ఇంట్ల ఉంచుడు మంచిగ కాదు."

మా అత్త అరుగు మీద కూర్చుని ఉంది. తలెత్తకుండానే అన్నది: "గవి మీ బాపు తెచ్చినయి. ముడితె మంచిగుండదు."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, పారేయడానికి ఒకరు ఒప్పుకోరు, వాడుకోవడానికి ఇంకొకరు ఒప్పుకోరు. కుర్చీలు మళ్లీ టేబుల్ చుట్టూ చేరాయి. ఆరిన కొద్దీ లక్క పాలిష్ తెల్లగా బూజు పట్టినట్టు పొంగి వచ్చింది. తడి తగిలితే ఆ పాలిష్‌కు అదే గతి.

మా అత్తకు షుగర్. ఏళ్ల నుంచి పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది. నేనే వేస్తాను. సూది పడ్డాక అరగంటలో కడుపు నిండా తినాలి. తినకపోతే షుగర్ పడిపోతుంది, మనిషికి చెమటలు పడతాయి, నాలుక మడత పడుతుంది, ఆ తర్వాత ఏమవుతుందో డాక్టరు చెప్పనవసరం లేదు. మోకాళ్లు అరిగిపోయాయి, కింద కూర్చుంటే లేవలేదు. కాబట్టి ఇన్నేళ్లూ రెండు పూటలా ఆ టేబుల్ దగ్గరే తిన్నది. మా ఆయన పోయాక ఆ కుర్చీల మీద కూర్చోవడం మానేసింది. పొయ్యి దగ్గర నిలబడి, గిన్నెలోంచి రెండు ముద్దలు నోట్లో వేసుకుని, కాళ్లు నొప్పులని వెళ్లి పడుకునేది.

వేరే కుర్చీ కొనొచ్చు కదా అంటారు. కొన్నాను. ప్లాస్టిక్‌ది తెచ్చి పెడితే దాన్ని చూసి ముఖం తిప్పుకుంది. "వాడు గందుల్నుంచే ఒరిగిండు" అన్నది. మంచం మీదకు పళ్లెం తెస్తే, "మంచం మీద తినుడు బీమారోళ్ల పని, నేనింక గంత దూరం పోలే" అని పళ్లెం వాపసు పంపింది. ఎక్కడ లేని పట్టుదలంతా మా కొంపకే వచ్చింది. నాకు కోపం ఎక్కువ. భర్త పోయిన దాన్ని కదా అని నా నోరేం తగ్గలేదు. "నువ్వు కూడా పోతే నాకు పీడ వదులుతదనుకుంటున్నవా అత్తమ్మా" అని అరిచాను కూడా.

ఒక పొద్దున సూది వేసి నేను పాలకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి పొయ్యి గట్టు పట్టుకుని జారిపోయి ఉంది. ఒళ్లంతా చెమట. నన్ను చూసి చనిపోయిన కొడుకు పేరు పెట్టి పిలిచింది. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ చదువుతోంది. అది అత్త నోరు తెరిచి పట్టుకుంటే నేను చక్కెర నీళ్లు చెంచాతో పోశాను. తేరుకున్నాక డాక్టరు దగ్గరకు తీసుకెళితే, "ఇంకోసారి ఇట్లయితే మనిషి దక్కది" అన్నాడు. సూది మానేద్దామంటే అదీ కుదరదన్నాడు.

ఇంటికొచ్చాక ఆమె మంచం పక్కన కూర్చుని అడిగాను, ఈసారి అరవకుండా. "నీకేం గావాలె అత్తమ్మా? ఏం చేస్తె తింటవు?"

పైకప్పు వైపే చూస్తూ అన్నది: "గా ఆరిట్ల నా కొడుకుది ఏదో చెప్పు. మిగిలిన ఐదిట్ల ఏదన్న ఇయ్యి, కూసుంట. వాని మీద ఎక్కి కూసున్నట్టయితది పిల్లా, బుక్క దిగుతలేదు."

నా పుట్టిల్లు నిజామాబాద్. మా బాపుకు ఫర్నిచర్ దుకాణం ఉండేది. పాత సామాను కొని, గీకి, పాలిష్ చేసి అమ్మేవాడు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చాక నేనూ మా అక్కా అక్కడే కూర్చుని రేగ్‌మాల్ గరుకు కాగితంతో కుర్చీ కాళ్లు రుద్దేవాళ్లం. చెక్క మీద ఏం పడినా దాని గుర్తు ఎక్కడో ఒకచోట ఉంటుందని మా బాపు అనేవాడు. నేను ఆ మాట పట్టుకున్నాను. అంత బరువున్న మనిషి గంటల తరబడి కూర్చున్నాడు, బట్టతో బిగించి కట్టారు, ఒంటి నిండా విభూతి పూశారు. పైపైన కడిగితే మాత్రం పోతుందా? పాలిష్ గీకి చూస్తే ఎక్కడో ఒక పగుల్లో విభూతి చిక్కుకుని ఉంటుంది, పట్టీ మీద బట్ట ఒరుసుకున్న గీత ఉంటుంది అనుకున్నాను. దొరికితే దాన్ని రుద్రభూమికి పంపించి, మిగిలినవి బాగుచేసి రంగు వేస్తే అత్త కూర్చుంటుంది, తింటుంది.

చలికాలం. మధ్యాహ్నాలు వాకిట్లో ఎండ బాగా ఉండేది. ఒక్కో కుర్చీనీ తిరగేసి పెట్టుకుని, స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో పాత పాలిష్‌ను మెత్తబరిచి, గాజు పెంకు అంచుతో గీకేదాన్ని. నల్లటి జిగురు చుట్టలు చుట్టుకుంటూ లేచేది. ఆ వాసనకు తల తిరిగేది. మా అత్త కిటికీ లోపలి నుంచి చూస్తుండేది. పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏందక్కా, ఆయన పోయి ఏడాదన్న కాలే, అప్పుడే రంగులేస్తున్నవా?" అన్నది. "ఏడాదైనంక నువ్వొచ్చి ఏస్తవా?" అన్నాను. తల వెనక్కి తీసుకుంది.

మొదటి కుర్చీ కింద ఎప్పటిదో బబుల్‌గమ్ ఎండి రాయిలా ఉంది. రెండోదాని పట్టీ మీద మా అమ్మాయి చిన్నప్పుడు కంపాస్ ముల్లుతో గీసిన గీతలు. ఆ రోజు దాన్ని కొట్టబోతే ఆయన అడ్డం వచ్చాడు. ఇంకోదాని పీట అంచు నున్నగా అరిగి ఉంది, ఆయన అన్నం తింటూ ఎడమ కాలు మడిచి పెట్టుకునే అలవాటు. కానీ ఆయన ఒకే కుర్చీలో కూర్చునే మనిషి కాదు, ఫ్యాను గాలి ఎటు వస్తే అటువైపు కుర్చీ లాక్కునేవాడు. అలాంటి అరుగుదల మూడింటికి ఉంది. పప్పు మరకలు, పసుపు మరకలు, నెయ్యి నల్లబడిన చారలు. మా ఇంట్లో తిన్న తిండి అంతా వాటిలో ఉంది. విభూతి లేదు. బట్ట గీత లేదు. అతుకులు ఊగుతాయేమోనని ఒక్కొక్కటి ఊపి చూశాను, నీళ్లకు సరేసు జిగురు నాని ఆరూ ఒకేలా ఊగుతున్నాయి. అంత శ్రద్ధగా కడిగారు మా ఇరుగుపొరుగు. వాళ్ల చేతులు పడిపోను అని తిట్టుకున్నాను. తిట్టుకుని ఆ గాజు పెంకు పట్టుకునే ఏడ్చాను.

చివరి కుర్చీ గీకడం అయ్యాక కూడా దాని ముందు చాలాసేపు కూర్చున్నాను. లోపల అత్త దగ్గు వినిపిస్తోంది. ఆ పొద్దున కూడా ఆమె తిన్నది అరరొట్టె. సాయంత్రం మళ్లీ సూది వేయాలి. వేసే చెయ్యి నాదే.

లేచి దేవుడి గదిలోకి వెళ్లాను. విభూతి ఉండ చిదిమి, చిటికెడు తడిపి తెచ్చాను. ఎదురుగా ఉన్న కుర్చీ వీపులో మధ్య పట్టీ అడుగున చిన్న పగులు ఉంది. అందులో గోటితో కూరాను. పైన కాస్త తుడిచాను, మరీ కొత్తగా కనబడకుండా. ఆ కుర్చీనే ఎందుకంటే దగ్గరగా ఉంది కాబట్టి. ఇంకే కారణమూ లేదు.

"అత్తమ్మా, దొరికింది" అన్నాను.

గోడ పట్టుకుని వచ్చింది. నేను వేలు పెట్టి చూపించాను. వంగలేక వంగి, ఆ పగులును చూపుడు వేలితో తడిమింది. వేలికి అంటిన తెల్లటిదాన్ని నుదుటికి రాసుకుంది. ఆ కుర్చీ వీపును రెండు చేతులా పట్టుకుని దాని మీద తల పెట్టింది. కొడుకు పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు. నేను ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాను. నా గుండె రాయి చేసుకున్నాను అంటే చిన్న మాట. ఆయన నా భర్త కదా, నేనూ అలా పట్టుకుని ఏడవాలి కదా. నాకు ఏడుపు రాలేదు, అది ఉత్త కుర్చీ అని నాకు తెలుసు.

"రేపు ఆటోల ఏసి రుద్రభూమికి పంపిస్త" అన్నాను.

"ఒద్దు" అన్నది. "వాడు మొన్ననే పోయె, ఇది గూడ పోవాల్నా? ఉండనీ. దీని మీద ఎవ్వలు కూసోవద్దు. దీనికి రంగెయ్యకు."

నేను అనుకున్నది ఇది కాదు. కానీ మాట జారితే మళ్లీ పొయ్యి గట్టే గతి. సరేనన్నాను.

మిగిలిన ఐదింటి అతుకులు విప్పి, కొత్త జిగురు పెట్టి తాళ్లతో బిగించి కట్టాను. పగుళ్లకు లప్పం పెట్టి రుద్దాను. రంగుల దుకాణం సేటు దెగ్లూర్ నుంచి వచ్చి బోధన్‌లో స్థిరపడ్డవాడు, సగం మరాఠీ, సగం తెలుగు. "బాయీ, టేకుకు రంగేస్తరా? పాపం తగుల్తది, పాలిషే చెయ్యి" అన్నాడు. ఆయన అన్నది నిజమే, మా బాపు ఉంటే నన్ను దుకాణంలోంచి వెళ్లగొట్టేవాడు. కానీ నీళ్లు తాగి చారలు పడ్డ చెక్క మీద పాలిష్ వేస్తే ప్రతి మరకా పైకి కనబడుతుంది. నాకు ఆ ఐదింటి మీద ఒక్క మరకా కనబడకూడదు. మీగడ రంగు ఎనామెల్ తెచ్చాను. ప్రైమర్ ఒక చెయ్యి, రంగు రెండు చేతులు. టేబుల్‌కూ అదే రంగు. ఆరిన తర్వాత గది ఏదో ఆసుపత్రి గదిలా అయింది. మా అమ్మాయి చూసి, "గిదేం రంగు అమ్మా, చూస్తుంటె జరం వచ్చినట్టున్నది" అన్నది. దానికి నిజం తెలియదు. దానికీ అదే నాన్న కుర్చీ అని చెప్పాను.

ఆ సాయంత్రం సూది వేశాను. జొన్నరొట్టె, పప్పు, పాలకూర పెట్టాను. మా అత్త వచ్చింది. రంగు వేసిన కుర్చీల్లో ఒకదాన్ని చేత్తో నొక్కి చూసింది. కూర్చుంది. రంగు వేయని కుర్చీ ఆమె పక్కనే ఉంది. రొట్టె తుంచి పప్పులో అద్దుకుని నోట్లో పెట్టుకుంది, నమిలింది, మింగింది. రెండో రొట్టె అడిగింది. నేను వంటింట్లోకి వెళ్లి పెనం మీద రొట్టె వేసి, మంట ముందు నిలబడి దేవుడికి దండం పెట్టుకున్నాను.

అప్పటి నుంచి ఆమె తిన్నది. రోజూ, రెండు పూటలా. ఒంట్లోకి కొంచెం నెత్తురు వచ్చింది. పొద్దున లేవగానే ఆ కుర్చీకి విభూతి పెట్టేది, సోమవారం దండ వేసేది. తింటూ తింటూ దానితో మాట్లాడేది. "ఇయ్యాల వంకాయ మీ అత్తగారి ఊరి తీరుగ చేసింది నీ పెండ్లాం, ఉప్పెక్కువ" అని కొడుకుకు నా మీద చాడీలు చెప్పేది. మొదట్లో నవ్వు వచ్చేది. ఉండగా ఉండగా ఒళ్లు మండేది. ఆమెకు కొడుకు ఒకచోట కూర్చుని ఉన్నాడు. నాకు ఆరు చోట్లా లేడు. నాకూ ఆయనతో చెప్పుకునేవి ఉన్నాయి. పిల్ల చదువు ఉంది, ఇంటి పైకప్పు కారుతోంది, పడుకుంటే నిద్ర రాదు. ఆ కుర్చీ వైపు తిరిగి నోరు తెరిచేదాన్ని, పగుల్లో నా గోటితో నేను కూరిన విభూతి గుర్తొచ్చి మూసుకునేదాన్ని. ఒక ముసలామెను చూసి, అదీ కొడుకు పోయిన తల్లిని చూసి కుళ్లుకోవడం ఉంటుందా అంటే, ఉంటుంది.

మా ఆడబిడ్డ వచ్చినప్పుడల్లా ఆ కుర్చీ ముందు కాసేపు నిలబడి, "ఉంచుడు మంచిగ కాదు" అంటూనే దండం పెట్టేది.

ఏళ్లు గడిచాయి. షుగర్ ఊరుకోదు కదా, మూత్రపిండాలను పట్టింది. నిజామాబాద్‌కు తిప్పాను, హైదరాబాద్ కూడా తీసుకెళ్లాను. ఇక లాభం లేదని తెలిసి ఇంటికి తెచ్చేశాను. కాళ్లు, ముఖం నీరు పట్టాయి. ఒక మధ్యాహ్నం నేను జావ తాగిస్తుంటే చేత్తో గ్లాసు ఆపింది.

"పిల్లా, నన్ను గా కుర్చీల్నే కూసోబెట్టాలె. నా కొడుకు కూసున్న దాంట్ల. ప్లాస్టిక్‌ది తేవద్దు."

"గిప్పుడే పోతవా ఏంది? తాగు ముందు."

"మాటియ్యి."

చెప్పేద్దామా అని నోటి దాకా వచ్చింది. అత్తమ్మా, నాకు తెల్వదు, ఆరిట్ల ఏదో నాకు తెల్వదు, నువ్వు తినాల్నని అబద్ధమాడిన. ఆమె కళ్లల్లోకి చూశాను. పోయే ముందు కొడుకు దగ్గరకు పోతున్నానని ధైర్యంగా ఉన్న మనిషి. ఆ ధైర్యాన్ని లాక్కుని నేనేం చేసుకోవాలి?

"మాటిచ్చిన" అన్నాను. జావ సగం తాగింది.

మర్నాడు తెల్లవారుజామున మా అత్త పోయింది. స్నానం చేయించాం. ఆ కుర్చీ తెచ్చి వాకిట్లో వేశాను, నేనే తెచ్చాను, ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. కాళ్లూ ముఖం ఉబ్బినా ఒళ్లు ఎండిన మనిషి, కట్టడానికి బారెడు బట్ట సరిపోయింది. వచ్చినవాళ్లందరికీ అది కొడుకు కుర్చీ అని తెలుసు. ఊరంతా తెలుసు. ఒక్కొక్కరూ దండం పెట్టి, ఎంత పుణ్యం, ఎంత పుణ్యం అంటున్నారు. మా ఆడబిడ్డ తల్లి పాదాల దగ్గర కూలబడింది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ కుర్చీ కాలు పట్టుకుని నా వైపు చూసింది.

"నా తమ్ముడు పోయిన కుర్చీల్నే మా అవ్వ గూడ పోయింది. తల్లి కొడుకు ఒక్కతాన కలుసుకుండ్రు. గిదే కదనే? నువ్వే కద దొరకబట్టినవు?"

అందరూ నా వైపే చూస్తున్నారు. మా అత్త కూడా, విభూతి పెట్టిన నుదురు కాస్త ముందుకు వంచి, నా ఎదురుగానే కూర్చుని ఉంది.

"గిదే వదినా" అన్నాను.

ఈసారి కుర్చీ వెంట పోయింది. మా అమ్మాయి దగ్గరుండి ఆటోలో వేయించింది. సమాధి పూడ్చాక దాన్ని పక్కనే వదిలి వచ్చారు. ఇంట్లో ఆడవాళ్లు మళ్లీ బకెట్లు పట్టుకున్నారు. ఐదు కుర్చీలనూ బయటికి లాగబోతుంటే అడ్డం నిలబడ్డాను. "ఇవి ముట్టొద్దు. నేల కడుక్కోండ్రి, గోడలు కడుక్కోండ్రి, వీటి జోలికి రావద్దు" అన్నాను. భర్త పోయి, అత్త పోయి దీనికి మతి పోయింది అనుకున్నారేమో, కుర్చీలు వదిలేసి నేల కడగడానికి పోయారు.

ఇప్పుడు ఇంట్లో నేనూ మా అమ్మాయీ. అది నిజామాబాద్‌లో ఉద్యోగానికి పొద్దున్నే బస్సుకు వెళ్లి సాయంత్రం వస్తుంది. ఇద్దరం ఆ టేబుల్ దగ్గరే తింటాం. నేను పూటకొక కుర్చీలో కూర్చుంటాను. పొద్దున ఒకటి, సాయంత్రం దాని పక్కది, మర్నాడు ఆ పక్కది. అలా ఐదూ తిరిగితే ఏదో ఒక పూట ఆయన దాంట్లో కూర్చున్నట్టే. ఏ పూట అన్నది తెలియదు కాబట్టి ప్రతి పూటా చెప్పుకుంటాను, లోపల్లోపలే, పైకప్పు సంగతి, పిల్ల సంగతి. లేదంటే ఆ రోజు నేను ఊరికే విభూతి కూరింది ఆయన కుర్చీలోనే అయ్యుండొచ్చు. అలాగైతే ఆయన వాళ్ల అమ్మతో వెళ్లిపోయాడు, నేను ఎవరితోనూ మాట్లాడడం లేదు. మా అమ్మాయి చూస్తుంది, అన్నం చల్లారుతోంది తినమంటుంది. తింటాను.